కంప్యూటరు మాటిమాటికి ఏల ఆగిపోవును?

ఇంటిలో పిల్లవాడు పరీక్షకు దరఖాస్తు నింపుచుండును. లేదా దుకాణదారుడు నెలాఖరు లెక్కలు వ్రాసికొనుచుండును. తెర యొక్కసారిగా నీలవర్ణము దాల్చును. కంప్యూటరులో ఏదో చిక్కు కలిగినదనియు, మరల ఆరంభింపవలసి యున్నదనియు ఆంగ్లములో రెండు వాక్యములు కనబడును. నిముషము తిరుగకమునుపే యంత్రము తనంతట తానే ఆరిపోయి మరల వెలుగును. భద్రపరచక వ్రాసినదంతయు పోయినట్లే. 2025లో విండోస్ 11 క్రొత్త రూపమునందు ఆ తెర నలుపుగా మారినది. రంగు మారినదే గాని సంగతి మారలేదు. ఎప్పుడో ఒకమారైనచో సరిపెట్టుకొనవచ్చును. దినమునకు రెండు మూడు మార్లు ఇట్లు జరుగుచుండినచో గృహస్థుడు ఏమి చేయవలెను?

మన ఊళ్లలో దీనికి రెండే తీర్పులు ప్రచారములో నున్నవి. "వైరస్ పడిందండీ" అనునది మొదటిది. "ఫార్మాట్ కొట్టాలి" అనునది రెండవది. మొదటిది పెక్కు సందర్భములలో నిజము కాదు. రెండవది చికిత్స యనుటకంటె ఇల్లు ఖాళీ చేయించుట యనుట మేలు. ఫార్మాట్ చేసినచో పెండ్లి ఫోటోలు, లెక్కల పద్దులు, పిల్లల చదువు కాగితములు సమస్తమును తుడిచిపెట్టుకొని పోవును. ముందుగా వేరొకచోట నకలు తీసిపెట్టుకొననివారికి అవి మరల దొరకుట దుర్లభము. ఇంత చేసిన పిమ్మట వారము తిరుగకుండగనే నీలితెర మరల ప్రత్యక్షమైన గృహములు కలవు. దానికి కారణము సులభముగనే బోధపడును: దోషము గల డ్రైవరును విండోస్‌తోపాటు మరల యథాస్థానమున ప్రతిష్ఠించినారు. కనుక ఆ డ్రైవరు అననేమి, అది ఒక్కటి తప్పు చేసిన మాత్రమున యంత్రమంతయు ఏల స్తంభించును, దోషిని పట్టుట ఎట్లు అను విషయములను విచారింతము.

డ్రైవరనగానే మనకు బస్సు నడుపువాడు స్ఫురించును. ఇచట ఆ అర్థము పొసగదు. పూర్వము కుంపిణీవారి కొలువులో దుబాసులుండెడివారు. దొరకు తెలుగు రాదు, రైతుకు ఇంగ్లీషు రాదు. నడుమ నిలిచి ఇరువురి మాటలను ఇరువురికి అందించువాడు దుబాసి. కంప్యూటరులోని డ్రైవరు అట్టి దుబాసియే. ఈ పుట అచ్చువేయుము అని విండోస్ చెప్పును. ఆ మాట ఒక ప్రింటరునకు ఒక తీరున, మరియొక ప్రింటరునకు మరియొక తీరున చెప్పవలసి యుండును. తెరమీద చిత్రమును గీయు చిప్పు, వైఫై చిప్పు, శబ్దమును పలికించు చిప్పు, కెమెరా, బ్లూటూత్, బ్యాటరీ – వీనిలో ప్రతిదానికిని ఒక సొంత భాష, ఒక సొంత దుబాసి. సాధారణమైన ల్యాప్‌టాప్‌లో ఇట్టి ప్రోగ్రాములు నూరుకు పైబడియే యుండును. వీనిలో కొన్నిటిని మైక్రోసాఫ్ట్ సంస్థయే వ్రాసినను, పెక్కింటిని ఆ యా పరికరములను తయారుచేసిన కంపెనీలే వ్రాసి యిచ్చును. పరికరము బజారులోనికి పోవలసిన తేదీ ముందే నిర్ణయమై యుండును. డ్రైవరు వ్రాయువాడు ఆ తేదీతో పరుగెత్తవలసి యుండును. పైగా లోకములో ఎన్ని రకముల మదర్‌బోర్డులు, ఎన్ని రకముల చిప్పులు, వానిలో ఏది దేనితో కలిసి యే యింటికి చేరునో వానికి తెలియదు. అన్ని కలయికలను పరీక్షించుట అసాధ్యము.

ఇక ఒక సందేహము కలుగును. వ్రాతకు వాడుకొను ప్రోగ్రాము చెడిపోయినచో అది యొక్కటే మూతపడును. తక్కినవి నడచుచునే యుండును. డ్రైవరు చెడినప్పుడు మాత్రము అంతయు ఏల కూలును?

దేవాలయమును తలచుకొనిన ఇది తెలియును. ముఖమండపమువరకు భక్తులందరును పోవచ్చును. గర్భాలయములోనికి అర్చకులకు మాత్రమే ప్రవేశము. కంప్యూటరు ప్రాసెసరులోను ఇట్టి కట్టుబాటు కలదు. 1985లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 80386 అను చిప్పులోను, దాని వంశమున పుట్టిన చిప్పులలోను నాలుగు ప్రాకారముల యేర్పాటున్నది. విండోస్ వానిలో రెంటినే వాడుకొనుచున్నది: వెలుపలిది ఒకటి, లోపలిది ఒకటి. మనము వాడుకొను ప్రోగ్రాములన్నియు వెలుపలి ప్రాకారములో నుండును. ఒకదాని మెమొరీని మరియొకటి తాకలేదు. లోపలి ప్రాకారములో కెర్నెలు అనబడు మూలవ్యవస్థ యుండును. మెమొరీ అంతయు, డిస్కు అంతయు దాని చేతిలోనివే. పరికరములతో ముఖాముఖి మాటలాడవలసినవి గనుక చాలవరకు డ్రైవర్లకు కూడ ఈ గర్భాలయ ప్రవేశము లభించినది. అచట అడ్డుగోడలు లేవు. ఒక వైఫై డ్రైవరు పొరపాటున చేయి చాచినచో డిస్కు వ్రాతకు సంబంధించిన పట్టికనే చెరిపివేయగలదు.

మండపములో ఏదేని అపచారము జరిగినచో ఆ చోటు కడిగివేసి పూజ సాగింతురు. గర్భాలయములో జరిగినచో తలుపులు మూసి, సంప్రోక్షణ జరిపిన పిమ్మటనే తెరతురు. నీలితెర యనగా తలుపులు మూయుటయే. లోపల ఎవరో మెమొరీని చెరిపినారని కెర్నెలు గ్రహించును; ఏమేమి చెడినవో దానికి తెలియదు. ఆ స్థితిలో పని కొనసాగించినచో చెడిన అంకెలనే తీసికొనిపోయి డిస్కుమీద వ్రాయవచ్చును. దుకాణము లెక్కలలో ఐదువేలు ఏబదివేలు కావచ్చును, లేదా ఫోల్డరు యావత్తు మాయము కావచ్చును. అందువలన అది బుద్ధిపూర్వకముగ ఆగిపోవును. ఆగుటకుముందు తన అప్పటి స్థితినంతయు ఒక ఫైలుగా వ్రాసిపెట్టును. ఈ ఆగుట శాపమని మనము తిట్టుకొందుము గాని, అది మన కాగితములను కాపాడుటకు చేసిన పని. తప్పు ఆగినదానిది కాదు, ఆపవలసిన స్థితిని కల్పించినదానిది.

దుబాసులను గర్భాలయములోనికి రానిచ్చుట యెందులకని అడుగవచ్చును. వేగముకొరకు. 1993లో వెలువడిన మొదటి విండోస్ ఎన్‌టీలో చిత్రములను గీయు భాగము వెలుపలి ప్రాకారములోనే యుండెడిది. ప్రతి గీతకును లోపలికి వెలుపలికి తిరుగవలసి వచ్చుటచేత పని మందగించెడిది. 1996లో వచ్చిన ఎన్‌టీ 4.0లో ఆ భాగమును, దానితోపాటు తెర డ్రైవర్లను లోపలికి చేర్చిరి. వేగము హెచ్చినది; అపాయమును హెచ్చినది. 1998 ఏప్రిల్ 20వ తేదీన చికాగోలో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో ఇంకను విడుదల కాని విండోస్ 98ను బిల్ గేట్స్ సమక్షమున చూపుచుండిరి. స్కానరు ఒకదానిని తగిలింపగనే వేలమంది యెదుట నీలితెర వెలసెను. సభ నవ్వినది, గేట్స్ కూడ నవ్వుతోనే సరిపెట్టెను. క్రొత్త పరికరము, దాని క్రొత్త డ్రైవరు, వెనువెంటనే పతనము: ఇప్పటికిని మన ఇండ్లలో జరుగు కథ ఇదియే.

విద్వాంసులును దీనిని లెక్కించి చూచినారు. 2001లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు లినక్స్ కెర్నెలును పరిశీలించి, తక్కిన భాగములతో పోల్చినచో డ్రైవర్లలో తప్పుల రేటు మూడు మొదలు ఏడు రెట్లవరకు అధికముగ నున్నదని ప్రకటించిరి. విండోస్ ఎక్స్‌పీ కూలినట్లు అందిన నివేదికలలో నూటికి 85 డ్రైవర్లవలననే యని 2003 నాటి యొక పరిశోధనపత్రము పేర్కొన్నది. ఆ తరువాత స్థితి మెరుగైనది. డ్రైవరు ప్రోగ్రామును నడుపకుండగనే చదివి, దానిలోని తప్పులను గణితపద్ధతిని పట్టుకొను సాధనమును మైక్రోసాఫ్ట్ పరిశోధకులు థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి రూపొందించిరి. వీరిలో రాజమణిగారు అటుపిమ్మట బెంగుళూరులోని ఆ సంస్థ పరిశోధనశాలకు అధిపతి యైనారు. ఐనను రోగము నయము కాలేదనుటకు 2024 జూలై 19వ తేదీయే సాక్ష్యము.

ఆ శుక్రవారము ఉదయము మన కాలమానము ప్రకారము 9 గంటల 39 నిముషములకు క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా కంపెనీ తన భద్రతా ప్రోగ్రామునకు ఒక చిన్న నవీకరణమును ప్రపంచమంతటికిని పంపినది. శత్రువులను కనిపెట్టవలసిన ప్రోగ్రాము గనుక అది డ్రైవరు రూపమున గర్భాలయములోనే కాపురముండును. పంపినది 291వ సంఖ్య గల సమాచారపు ఫైలు. దానిలోని సూచనల ననుసరించి డ్రైవరు 21వ అంశమును చదువబోయెను. దానికి అందినవి 20 అంశములే. ఇరువదియొకటవ అర లేదు. లేని అరలో చేయి పెట్టినది. కెర్నెలు తలుపులు మూసినది. యంత్రము మరల వెలుగును, వెలుగుచునే ఆ డ్రైవరు నిదుర లేచును, అదే ఫైలును చదువును, మరల నీలితెర. 78 నిముషములలో కంపెనీవారు ఫైలును ఉపసంహరించుకొనిరి గాని, అప్పటికే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము 85 లక్షల యంత్రములు కూలినవి. లోకములోని విండోస్ యంత్రములలో ఇది నూటికి ఒకటి కూడ కాదు. ఐనను అవి విమానాశ్రయములలో, ఆసుపత్రులలో, బ్యాంకులలో నున్న యంత్రములు. శంషాబాదు విమానాశ్రయములో ఆనాడు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. అమెరికాలోని డెల్టా కంపెనీ కొలది దినములలో ఏడువేల విమానముల వరకు రద్దు చేసికొనెను.

ఇందు శత్రువెవ్వడును లేడు. వైరస్ అసలే లేదు. ఆ డ్రైవరు మైక్రోసాఫ్ట్ వారి పరీక్షలో నెగ్గి ముద్ర వేయించుకొన్నదే. ముద్ర డ్రైవరునకు పడినది గాని, దానికి దినదినము అందు సమాచారపు ఫైలునకు పడలేదు. అంతటి విపత్తునకు చికిత్స మాత్రము మిక్కిలి చిన్నది: యంత్రమును సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ యొక్క ఫైలును తొలగించుట. ఫార్మాట్ చేయవలసిన యక్కర కలుగలేదు. లక్షల యంత్రములకు పనిచేసిన ఆ సేఫ్ మోడ్ మార్గమే ఇంటిలోని ఒక్క యంత్రమునకును పనిచేయును.

యంత్రము తరచుగ కూలుచున్నప్పుడు తెలిసిన వైద్యుడు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఈ బాధ ఎప్పటినుండి? దానికి ముందు ఏమి మారినది? క్రొత్త ప్రింటరు తగిలించితిరా, ఆటలకొరకు చిత్రముల డ్రైవరును మార్చితిరా, విండోస్ తనంతట తాను ఏదేని నవీకరణమును దించుకొన్నదా? మనకు జ్ఞాపకము లేకున్నను కంప్యూటరునకు జ్ఞాపకముండును. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అను మాట వ్రాసినచో దినచర్య వంటి పట్టిక యొకటి తెరచుకొనును. ఏ తేదీన ఏది క్రొత్తగ చేరినదో, ఏ తేదీన యంత్రము కూలినదో అందు వరుసగ నుండును. కూలిన దినములకు ఎఱ్ఱని గుర్తులుండును. మొదటి ఎఱ్ఱగుర్తునకు ముందు దినమున ఏ డ్రైవరు చేరినదో చూచినచో సగము విచారణ పూర్తియైనట్లే. ఇంత ఉపయుక్తమైన పట్టికను విండోస్ వారు అంత మారుమూల ఏల దాచిరో తెలియదు.

అట్లు అనుమానము ఒక డ్రైవరుపై నిలిచినచో డివైస్ మేనేజర్‌ను తెరువవలెను. ఆ పరికరము పేరుమీద రెండుమార్లు నొక్కి, డ్రైవర్ అను పుటలో రోల్ బ్యాక్ డ్రైవర్ అనుదానిని నొక్కినచో పాత డ్రైవరు తిరిగి వచ్చును. పాతది నిలువలో లేనిచో ఆ బటను వెలవెలబోయి యుండును. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేసి, ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైటునుండి తమ నమూనాకు తగినదానిని తెచ్చి పెట్టుకొనవలెను. చిత్రముల డ్రైవరు విషయములో ఒక సౌకర్యము కలదు. దానిని తొలగించినను విండోస్ తన సామాన్యపు డ్రైవరుతో తెరను వెలిగించును. బొమ్మలు నెమ్మదిగ కదలును, ఆటలు ఆడవు, కాని పనికి లోటుండదు. ఆ స్థితిలో రెండు దినములు గడచినను యంత్రము కూలకున్నచో నేరము ఋజువైనట్లే.

యంత్రము తెరచుకొనుటకే వీలులేక కూలుచున్నచో సేఫ్ మోడ్ శరణ్యము. ఇది నిత్యార్చనకు తప్పనిసరియైన కొలదిమందిని మాత్రమే లోపలికి రానిచ్చు పద్ధతి యనుకొనవచ్చును. షిఫ్ట్ మీటను అదిమిపట్టి రీస్టార్ట్ నొక్కినచో నీలి పుట యొకటి వచ్చును. దానిలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అను మెట్లు దిగి, యంత్రము మరల వెలిగినప్పుడు 4 అంకెను నొక్కవలెను. అంతవరకైన పోలేనివారు యంత్రము తెరచుకొనుచుండగనే రెండు మూడు మార్లు విద్యుత్తు నాపినచో ఆ పుట తనంతట తానే వచ్చును. ఇది మొరటు పద్ధతియే గాని వేరు దారి లేనప్పుడు తప్పదు. సేఫ్ మోడ్‌లో యంత్రము గంటల తరబడి నిలిచియుండి, మామూలు పద్ధతిలో తెరచినంతనే కూలుచున్నచో, అనుమానము డ్రైవర్లపైననే బలపడవలెను.

ఇక నీలితెరపై కనబడు మాటలను గూర్చి. వానిని చదువకమునుపే యంత్రము ఆరిపోవుచున్నదని పలువురు ఫిర్యాదు చేయుదురు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ అనుచోట ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అనుదాని యెదుటి గుర్తును తీసివేసినచో తెర నిలిచియుండును. ఫోనుతో ఫోటో తీసికొనవచ్చును. స్టాప్ కోడ్ అను మాట ప్రక్కనున్నదే ముఖ్యము. డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అని యున్నచో, ఒక డ్రైవరు అత్యవసరమైన పనిలో నుండి ఆ వేళ తాకరాని మెమొరీని తాకినదని భావము. పేరులో వీడియో టీడీఆర్ అని యున్నచో చిత్రముల డ్రైవరు పిలిచినను పలుకలేదని అర్థము. డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అనునది ల్యాప్‌టాప్ మూత వేసినప్పుడో తెరచినప్పుడో వచ్చు జబ్బు: నిద్రపొమ్మన్నను, లెమ్మన్నను ఏదో పరికరము మాట వినుటలేదు. డీపీసీ వాచ్‌డాగ్ వయొలేషన్ అనినచో ఎవరో కొద్ది క్షణములలో ముగింపవలసిన పనిని పట్టుకొని కూర్చున్నారు. డిస్కునకు సంబంధించిన డ్రైవర్లను ముందు చూడవలెను. హీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అని చదువబడునది మాత్రము వేరు జాతి. అది సాధారణముగ ప్రాసెసరు, వేడిమి, విద్యుత్తువంటి భౌతికమైన లోపము. దానికి డ్రైవర్లను మార్చి లాభము లేదు; ముందు గాలిమరను దుమ్ము దులుపవలెను.

కొన్నిమార్లు తెరమీద ఫైలు పేరు కూడ కనబడును. ఎన్‌వి అను అక్షరములతో మొదలై ఎస్‌వైఎస్‌తో ముగిసినచో ఎన్విడియా వారి చిత్రముల డ్రైవరని, ఐజీడీ అని యున్నచో ఇంటెల్ వారిదని, ఆర్‌టీ అని యున్నచో తరచుగ రియల్‌టెక్ వారిదని పోల్చుకొనవచ్చును. ఇచట పెక్కుమంది పొరపడు తావు ఒకటి కలదు. ఎన్‌టీఓఎస్‌కెఆర్‌ఎన్‌ఎల్ అను పేరు కనబడగానే విండోస్ చెడినదని నిర్ణయించి ఫార్మాట్‌నకు పూనుకొందురు. ఆ పేరు కెర్నెలుది. హత్య జరిగిన యింట మొదట కనబడినవాడే హంతకుడు కానక్కరలేదు. అరటితొక్క వేసినవాడొకడు, జారిపడినవాడు వేరొకడు. ఒక డ్రైవరు మెమొరీని చెరిపి తన దారిని పోవును. పది నిముషముల పిమ్మట కెర్నెలో, మరియొక నిరపరాధియైన డ్రైవరో ఆ చోట అడుగువేసి కూలును. తెరమీద పడునది జారినవాని పేరు.

కనుక ఒక్క పతనమును చూచి తీర్పు చెప్పరాదు. మూడు నాలుగు పతనములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. సి డ్రైవులోని విండోస్ ఫోల్డరులో మినిడంప్ అను ఫోల్డరు కలదు. కెర్నెలు ఆగుటకుముందు వ్రాసిపెట్టునని చెప్పిన మరణవాంగ్మూలములు అందు తేదీలతో నుండును. వానిని చదువుటకు మైక్రోసాఫ్ట్ వారే విన్‌డీబీజీ అను సాధనమును ఉచితముగ నిచ్చుచున్నారు. వాడుట కష్టమనిపించినచో తెలిసిన విద్యార్థికి ఆ ఫైళ్లను అందించినను చాలును. నాలుగు మార్లును ఒకే డ్రైవరు పేరు వచ్చినచో సందేహము వలదు. నాలుగు మార్లును నాలుగు పేర్లు, నాలుగు విధములైన స్టాప్ కోడ్‌లు వచ్చినచో డ్రైవర్లను విడిచి ర్యామ్ చిప్పును అనుమానింపవలెను. విండోస్ మెమొరీ డయాగ్నస్టిక్ అను పరీక్ష యంత్రములోనే యున్నది. రాత్రి పెట్టి పడుకొన్నచో తెల్లవారుసరికి ఫలితము తెలియును. రేడియోసెట్టులో గురగుర వినబడినంతనే వాల్వులన్నియు మార్పింపక, ఒక్కొక్కదానిని తీసి చూచిన మెకానిక్కు పద్ధతియే ఇదియు.

అరటితొక్క వేసినవానిని చేతులారా పట్టుటకు డ్రైవర్ వెరిఫయర్ అను సాధనము విండోస్ 2000 నాటినుండి కలదు. ఇది ఒక్కొక్క డ్రైవరు వెంట కావలివానిని నడిపించి, హద్దు మీరిన క్షణముననే యంత్రమును కూల్చును. అప్పుడు తెరమీద పడునది నిజమైన దోషి పేరు. కాని దీనిని పిల్లల చేతికి ఈయరాదు. ముందుగ ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసి, రిస్టోర్ పాయింట్ ఏర్పరచి, మైక్రోసాఫ్ట్ వారివి కాని డ్రైవర్లను మాత్రమే ఎంచి, దీనిని నడుపవలెను. దీనివలన యంత్రము తెరచుకొనకనే పోవచ్చును. అప్పుడు సేఫ్ మోడ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, వెరిఫయర్ అను ఆంగ్లపదము వ్రాసి, ఖాళీ విడిచి, ఏటవాలు గీతయు రీసెట్ అను మాటయు చేర్చినచో కావలివారు తొలగుదురు. ఈ సంగతి ముందే తెలియనివారు దీని జోలికి పోకుండుటయే మంచిది.

మీ డ్రైవర్లన్నిటిని ఒక్క నొక్కుతో క్రొత్తవిగా చేసెదమని ప్రకటించు ప్రోగ్రాములు వెబ్‌లో కొల్లలుగ నున్నవి. వీనిని వాడకుండుట శ్రేయము. కూలని యంత్రమునకు క్రొత్త డ్రైవరు అవసరమే లేదు. కూలుచున్న యంత్రమునకు తగిన డ్రైవరు కావలెను గాని, క్రొత్తదే కావలెనను నియమము లేదు. నమూనా చూడకుండ దింపిన డ్రైవరే పెక్కు నీలితెరలకు మూలము. ఇంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు. ఏదో వెబ్‌పుటను చూచుచుండగ తెరనిండ నీలిరంగు పరచుకొని, మీ కంప్యూటరు ప్రమాదములో నున్నది, వెంటనే ఈ నంబరునకు ఫోన్ చేయుడు అని హెచ్చరించును. అది మోసము. నిజమైన నీలితెరమీద ఫోన్ నంబరు ఎన్నడును ఉండదు. ముఖ్యముగ ఇంటనున్న పెద్దలకు ఈ మాట చెప్పి యుంచవలెను. ఆ నంబరునకు ఫోన్ చేసి బ్యాంకు ఖాతాను పోగొట్టుకొన్నవారిలో వారే యెక్కువగ కనబడుచున్నారు.

దుబాసులను గర్భాలయమునుండి వెలుపలికి పంపు ప్రయత్నములును సాగుచున్నవి. విండోస్ విస్టా కాలముననే చిత్రముల డ్రైవరులో పెద్దభాగమును వెలుపలి ప్రాకారమునకు తరలించిరి. లోపలి భాగము రెండు సెకండ్లు పలుకకున్నచో దానిని మాత్రము మరల లేపుదురు. తెర ఒక్కక్షణము నల్లబడి తిరిగి వచ్చుట మీరు చూచియుందురు. పూర్వమైనచో అది నీలితెర యగునది. ఆపిల్ సంస్థ 2019 నుండి తన మాక్ యంత్రములలో డ్రైవర్లను వెలుపలనే నడుపు ఏర్పాటు ప్రవేశపెట్టినది. 2024 నాటి విపత్తు పిమ్మట మైక్రోసాఫ్ట్ కూడ భద్రతా ప్రోగ్రాములను కెర్నెలు వెలుపల నడుపు మార్గమును ఆ యా కంపెనీలతో కలసి పరీక్షింప మొదలిడినది. ఐనను మన యిండ్లలోని పాత ప్రింటర్లు, పాత స్కానర్లు మరికొంతకాలము పాత పద్ధతినే నడచును. తయారుచేసిన కంపెనీ డ్రైవరును సవరించుట మానివేసిన పరికరమువలన విండోస్ 11 కూలుచున్నచో, దానికొరకు యంత్రమునంతటిని బాధించుటకంటె ఆ పరికరమునకు వీడ్కోలు చెప్పుటయే చౌక.

సేఫ్ మోడ్‌కు పోవుటకుముందు సిద్ధపరచుకొనవలసినది ఒకటి మిగిలినది. ఇటీవలి ల్యాప్‌టాప్‌లలో పెక్కింట డిస్కు అంతయు బిట్‌లాకర్ పద్ధతిని తాళము వేయబడియుండును. యజమానికి ఆ సంగతియే తెలియకపోవచ్చును. నీలితెర పిమ్మట మరమ్మతుకు దిగినప్పుడు యంత్రము 48 అంకెల రికవరీ కీని అడుగును. 2024 జూలైలో ఫైలు తొలగించుట ఐదు నిముషముల పనియైనను, ఈ అంకెలను వెదకుటకే పలు కార్యాలయములకు దినములు పట్టెను. మైక్రోసాఫ్ట్ ఖాతాతో కంప్యూటరును వాడుచున్నవారికి సాధారణముగ ఆ అంకెలు ఖాతాలోనే దొరకును. యంత్రము బాగుగ నున్న దినముననే వానిని కాగితముమీద వ్రాసి, ఇంటి దస్తావేజులతోపాటు బీరువాలో ఉంచుకొనవచ్చును.